మామగారి పని

మొన్న శ్రీకాకుళంలో మా స్కూలు పక్కనున్న జిరాక్స్ షాపులో పిల్లల కోసం స్వరాల కాగితాలు తీయిస్తున్నాను. మెషీన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలింది. కాలీ కాలని ఆ సిరా వాసన ముక్కుకు కొట్టింది. అంతే, కాగితాలు కింద పడేశాను. షాపతను కంగారుపడి, "ఏటి టీచరమ్మా, సెయ్యి కాలిందేటి?" అని అడిగాడు. చెయ్యి కాలలేదు. ఒకప్పుడు విజయనగరంలో ఒక పరీక్ష గదిలో ఇలాగే వెచ్చగా ఉన్న కాగితం నా చేతిలో పెట్టి, చూసి పాడమన్నారు. ఆ కాగితంలో రాసి ఉన్నది చూసి నాకు తగిలిన దెబ్బ ఇన్నేళ్లయినా తగ్గలేదు. అది ఎవరికైనా చెబితే, ఒక స్వరం తేడాకి ఇంత గోలా అంటారు. అనేవాళ్లకేం, వాళ్లకు మా నరసమ్మ మేడం తెలీదు కదా!

అప్పలనరసమ్మ ఆవిడ పూర్తి పేరు. మా హైస్కూల్లో సంగీతం చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మాట్లాడితే అచ్చం మా ఊరి మాటే. "సూడు", "సెప్పు", "బేగి రా" తప్ప ఇంకోలా పలకడం ఆవిడకు రాదనే అనుకునేవాళ్లం. శ్రుతి పెట్టుకుని పాట ఎత్తుకున్నారంటే మాత్రం ప్రతి అక్షరమూ కడిగిన ముత్యంలా వచ్చేది. చ అంటే చ, ళ అంటే ళ. మాటకో నోరు, పాటకో నోరు ఉన్నట్టుండేది. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగేశాను, అదెలా మేడం అని. "మాట నాది. పాట నాది కాదు కదే, పెద్దోల్లది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొడతావేటి?" అన్నారు. ఆవిడ జవాబులన్నీ అలాగే ఉండేవి.

మాది సముద్రం ఒడ్డు. నాన్న చేపల ట్రేలు వ్యాను మీద శ్రీకాకుళం తెచ్చి అమ్మేవాడు. నేను పాడతానని ఆయనకు లోపల గర్వమే, పైకి మాత్రం విసుగు. సర్టిఫికెట్ పరీక్ష పాసైతే విజయనగరంలో సంగీతం కాలేజీలో చేర్పిస్తానని, పోతే పాట మాటే ఎత్తకూడదని తెగేసి చెప్పాడు. "పాసైతే ఇజీనారం. నేకపోతే మన వ్యాపారం ఉండనే ఉన్నాది, లెక్కలు సూసుకో" అన్నాడు. ఆయన మాటంటే మాటే. అందుకని ఆ పరీక్ష నాకు చావో రేవో అన్నట్టు అయిపోయింది. పాటలంటే భయం లేదు. ఏదైనా ఒకసారి వింటే చాలు, దింపేసేదాన్ని. నా భయమంతా ఆ పరీక్షలో చివర ఉండే ఒక ముక్క గురించి. చూసి పాడటం అంటారు దాన్ని. ముందెన్నడూ చూడని స్వరాల కాగితం ఒకటి చేతిలో పెడతారు. ఒకసారి కళ్లతో చదువుకోనిస్తారు. ఆ తర్వాత తాళం వేస్తూ పాడాలి. ఎవరూ పాడి వినిపించరు. వినిపించకపోతే నేను గుడ్డిదాన్నే! పైగా మిగతావన్నీ ఎంత బాగా పాడినా, ఆ ముక్కలో తప్పితే పరీక్ష మొత్తం తప్పినట్టే లెక్క.

స్కూలు వదిలాక మేడం ఇంటికి వెళ్లేదాన్ని. ఆవిడ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా, మంచం పట్టిన మామగారూ. భర్త ఎప్పుడో పోయాడు. ముసలాయనకు అన్నం కలిపి పెట్టడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అన్నీ ఆవిడే చేసుకునేవారు. అవన్నీ అయ్యేదాకా నేను అరుగు మీద కూర్చోవాలి. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, రోజూ ఒకే మాట అనేవారు. "మావగారి పని అయినాది. దా, మన పని సూద్దాం." లోపల్నుంచి ఆ ముసలాయన, "నరసా! ఓ నరసా!" అని అంతలోనే మళ్లీ పిలిచేవాడు. మేడం నావైపు చూసి, "అయినాదంటే అయిపోద్దేటి" అని నవ్వుతూ లేచేవారు. నాకు ఒళ్లు మండేది. ఎంత కోపం వచ్చేదంటే, ఆ ముసలాయన గొంతు వినబడితే చాలు పళ్లు నూరుకునేదాన్ని. ఆవిడకు మాత్రం విసుగన్నదే ఉండేది కాదు.

నాతో వచ్చిన చిక్కు ఏమిటో మేడం మొదటి వారంలోనే పట్టేశారు. నేను స్వరాలు చదవడం లేదు, మాటలు చదువుతున్నాను. తెలుగువాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని జబ్బు ఇది. ఉన్నవి ఏడక్షరాలు. స, రి, గ, మ, ప, ద, ని. కానీ అవి ఏ వరసలో పడ్డా మన కంటికి మాటలైపోతాయి. స రి గా అని ఉంటే "సరిగా" అని చదివేస్తాం. ప ద కనబడితే ఎవరో పొమ్మన్నట్టు ఉంటుంది. ఒకసారి అది మాటగా తోచిందా, ఇక స్వరం స్థానం పోతుంది, తాళం పోతుంది, నోరు మాట్లాడినట్టు పరిగెత్తుతుంది. మేడం నెత్తి కొట్టుకునేవారు. "అచ్చరాలు సదవకే గుంటా, సొరాలు సదువు! అది నీతో ఏటీ సెప్పట్లేదు. గ అంటే గ, అంతే."

ఆ జబ్బుకు మందు కూడా ఆవిడే కనిపెట్టారు. కావాలని మాటలు వచ్చేలా స్వరాలు అల్లి, పాఠాలు రాసి ఇచ్చేవారు. "పా ప నీ ప ని మా ని దా" అని ఒకటి ఉండేది. అది పాడమంటే నాకు నవ్వాగేది కాదు. నవ్వితే మళ్లీ మొదటి నుంచి. పాత శుభలేఖ ఒకటి చేతిలో పట్టుకుని, నేను పాడుతున్న స్వరాన్ని పాడుతుండగానే దాంతో మూసేసేవారు. కళ్లు ఎప్పుడూ నోటికంటే ముందుండాలని ఆవిడ పట్టు. "నోరు ఎనక, కన్ను ముందు. బండి తోలేవోడు సెక్రం సూస్తాడేటే, రోడ్డు సూస్తాడు గానీ!" అన్నిటికంటే మాకు ఇష్టమైన పాఠం ఇంకొకటుంది. ఖరహరప్రియ రాగంలో, ఎనిమిది అక్షరాల ఆది తాళంలో. దాని మొదటి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఇలా ఉంటుంది. మా మ గా రి ప ని. మామగారి పని! దీర్ఘాలు రెండక్షరాల కాలం, పొట్టివి ఒక్కొక్కటి, కొలిచినట్టు సరిగ్గా ఒక ఆవర్తనానికి సరిపోతుంది. రాసిన రోజు ఆవిడే పాడుతూ పకపకా నవ్వేశారు. లోపల్నుంచి "నరసా!" అని కేక వినబడేసరికి ఇద్దరం పొట్టలు పట్టుకున్నాం. ఆ పాఠం ఎన్నిసార్లు పాడామో చెప్పలేను. బియ్యం ఏరుతూ పాడేవారు, ఆయనకు గంజి కాస్తూ పాడేవారు.

ఒకరోజు కొత్త పాఠం ఇచ్చి, నేను తడబడుతుంటే, అడక్కుండానే ఆవిడే మొదటి వరస పాడారు. హమ్మయ్య అనుకుని నేను అలాగే దింపేశాను. ఠప్పున నేల మీద అరచేత్తో కొట్టారు.

"ఏటి పాడేవు?"

"మీరు పాడిందే మేడం."

"నాను పాడింది పాడేవు. రాసింది పాడేవా? సూడు, అక్కడ ఏటున్నాది?"

చూశాను. ఆవిడ కావాలనే ఒక స్వరం మార్చి పాడారు. నాకు ఏడుపొచ్చింది. మీరే అలా పాడితే నేనేం చెయ్యను, మిమ్మల్ని నమ్మొద్దా అని గట్టిగానే అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "నమ్మకు. నా నోరైనా సరే నమ్మకు. నీ సెవులు మంచివే, అందుకే అవి నిన్ను ముంచుతాయి. కాగితం ఏటి సెప్తే అదే పాడు" అన్నారు.

పరీక్ష రోజు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లాం, మేడమూ నేనూ. ముసలాయన్ని పక్కింటావిడకు అప్పజెప్పి వచ్చారు. దారి పొడుగునా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నా గురించి బెంగ అనుకున్నాను. పరీక్ష జరిగే చోట వరండాలో పిల్లలందరం హాల్ టికెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డాం. మేడం కూడా నా ముందే నిలబడ్డారు. పెద్దవాళ్లు అటు కూర్చోవాలమ్మా అని అక్కడి మనిషి చెప్పబోయాడు. ఆవిడ చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి అతనికిచ్చారు. అతను దాన్ని చూసి, ఆవిడను చూసి, సరే నిలబడండి అన్నాడు. అది హాల్ టికెట్. ఆవిడ ఫోటో. ఆవిడ పేరు.

పదో తరగతి పిల్లల మధ్య, నెరిసిన జుట్టుతో, మా మేడం పరీక్షకు నిలబడ్డారు! నాకు చదువు చెప్పే మనిషికి నేను రాసే పరీక్షా? "మేడం, ఇదేటి?" అన్నాను. ఆవిడ తల తిప్పకుండానే, "నాకు సర్టిఫికెట్టు నేదే. ఇన్నాల్లూ ఎవులూ అడగనేదు. ఈ ఏడు అడిగేరు. ఇది నేకపోతే బడికి రావద్దన్నారు" అన్నారు. "మునుపు రెండుసార్లు కూకున్నాను. ఇలగే సూసి పాడేకాడే పోయినాది." ఎందుకు పోయిందని అడగలేకపోయాను. నేల మీద కొట్టి చెప్పిన చెవుల సంగతి నా ఒక్కదాని గురించి కాదని అప్పుడు అర్థమైంది. నా భయం నేను మరిచిపోయాను.

అంతలో పెద్ద వాన. వరండా చివరి బల్లలు తడిసిపోతున్నాయని మమ్మల్ని లోపలికి జరిపి, పరీక్ష గది కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మేడం పేరు పిలిచారు. చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టుకుని లోపలికి వెళ్లారు. కీర్తన పాడటం వినబడింది. అబ్బ, ఏం పాడారు! వానను కూడా మరిచిపోయి పిల్లలందరూ కిటికీ వైపు తిరిగారు. కీర్తన అయిపోయింది. కాగితం ఇచ్చి ఉంటారు. చేత్తో తాళం వేసిన చప్పుడు. మొదలుపెట్టారు.

మా మ గా రి ప ని.

ఎగిరి గంతేసినంత పని చేశాను. మా పాఠం! మా పాఠమే వచ్చింది! ఎలా వచ్చిందో, ఎవరు పెట్టారో నాకనవసరం. రెండో ఆవర్తనమూ అదే, మూడోదీ అదే. ఎక్కడా తడుముకోలేదు. హాయిగా, గంజి కాస్తూ పాడుకున్నట్టే పాడేశారు. బయటికొచ్చినప్పుడు ఆవిడ ముఖం ఒక్కసారిగా పదేళ్లు తగ్గిపోయినట్టు ఉంది. నన్ను చూసి కన్ను గీటి, అవతలి వైపుకు వెళ్లిపోయారు. మాట్లాడకూడదు కదా. దేవుడున్నాడు, ఇద్దరం గట్టెక్కాం అనుకుంటూ లోపలికి వెళ్లాను.

పరీక్ష చేసే పెద్దాయన మొదట పాటలు పాడించుకున్నారు. ఆ తర్వాత కాగితం ఇచ్చారు. అందరికీ ఇస్తున్న కాగితం తడిసిపోయిందట, పక్క గదిలో అప్పుడే దానికి జిరాక్స్ తీసి తెచ్చారు. వెచ్చగా ఉంది. నవ్వు దాచుకుంటూ చూశాను.

మా మ గా రి ప ద.

మళ్లీ చూశాను. ప ద. పని కాదు. రెండో ఆవర్తనం చూశాను. అసలు మా పాఠమే కాదు అది! మొదటి ఐదు స్వరాలు తప్ప ఎక్కడా కలవదు. మేడం చూసింది ఈ కాగితమే. ఆవిడ కంటికి నాలుగక్షరాలు కనబడ్డాయి, ఆ తర్వాత రోజూ చేసే పనే కనబడింది. అచ్చరాలు సదవకే అని నాకు చెప్పీ చెప్పీ, అక్కడ ఆవిడ తన బతుకే చదువుకున్నారు. అక్కడి నుంచి చెవులు తీసుకుపోయిన దారిలో వెళ్లిపోయారు. ఆవిడకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు నేనేం పాడాలి? నేనూ ని పాడితే, ఒకవేళ కాగితంలోనే ఏదో పొరపాటు ఉందనుకుంటారేమో, ఆవిడకు మార్కులు వేస్తారేమో! పిచ్చి ఆలోచనే, కానీ వచ్చింది. ద పాడితే ఆవిడ తప్పని నేనే సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. "ఊఁ, కానీ అమ్మా" అన్నారు పెద్దాయన. చెవిలో ఇంకా మేడం గొంతే మోగుతోంది, ని అని, ఎంతో తియ్యగా. నిజం చెప్పాలంటే అక్కడ ని యే బాగుంటుంది. నా నోరైనా సరే నమ్మకు అన్నది కూడా ఆ గొంతే. కళ్లు కాగితానికి అతికించి, తాళం వేసి, ద పాడాను. చివరిదాకా రాసింది రాసినట్టు పాడాను. పాడుతున్నంతసేపూ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

పెద్దాయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. "బాగా చదివావమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఇందాక నాకంటే ముందు వచ్చారు కదండీ, ఆ మేడం దగ్గరే."

ఆయన చేతిలో కలం ఆగిపోయింది. "ఆవిడా?" అన్నారు. వెళ్లిరా అమ్మా అన్నప్పుడు గొంతు మారిపోయి ఉంది.

రైలు కోసం స్టేషన్‌లో కూర్చున్నాం. మేడం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని, ఒలిచి నా చేతిలో పోస్తున్నారు. సంబరం పట్టలేకుండా ఉన్నారు. "సూసేవా! మన పాఠమే ఇచ్చేరే! ఈ ముక్క మావకి సెప్పాల. నీ పని పున్నెమా అని పాసైపోయేనని సెప్తాను." నాకు గొంతులో గింజ అడ్డం పడింది. చెప్పకుండా ఊరుకుంటే, ఫలితాలు వచ్చేదాకా అయినా ఆ సంతోషం ఉంటుంది. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుని అబద్ధం మోయడం నా వల్ల కాలేదు.

"మేడం, అక్కడ ప ని లేదు. ప ద."

ఒలుస్తున్న చెయ్యి ఆగింది. "ఏటి?"

"మా మ గా రి ప ద. రెండో వరస కూడా మనది కాదు మేడం."

"పాడు" అన్నారు. పాడాను, మెల్లగా, మొత్తం. కళ్లు మూసుకుని విన్నారు. స్టేషన్‌లో జనం గోల, టీ అమ్మేవాళ్ల కేకలు, ఏవీ ఆవిడకు వినబడుతున్నట్టు లేదు. ముఖంలో రంగంతా దిగిపోయింది. "నాకు మావ పనే అవుపడినాదే" అన్నారు. అంతలోనే ఉలిక్కిపడి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "మరి నువ్వు? నువ్వేటి పాడేవు? బయట ఇన్నావు కదా నా పాట!"

"ద పాడాను మేడం."

"అంతా రాసిందే?"

"రాసిందే."

ఆ పట్టు వదిలేశారు. "బతికించేవు" అని, అంతమంది ముందూ నన్ను దగ్గరికి లాక్కుని భోరుమన్నారు. ఆ ఏడుపు దేనికో నాకు ఇప్పటికీ సరిగా తెలీదు. నేను గట్టెక్కినందుకో, తాను మునిగినందుకో. రెండూ ఒకే ఏడుపులో ఉండొచ్చు.

నేను పాసయ్యాను. ఆవిడ తప్పారు. బడివాళ్లు ఆవిడను తీసేశారు. నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి హెడ్మాస్టర్‌తో నేను పెద్ద గొడవే పెట్టుకున్నాను. ఎంత అరిచినా రూలు రూలే అన్నారు. నాన్న మాత్రం బయటికొచ్చాక, "ఆయమ్మ నేకపోతే నువ్వు పాసయ్యేదానివేటి? ఇదెక్కడి నాయం?" అని తల పట్టుకుని వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

నేను విజయనగరం వెళ్లడానికి ఇంకా కొన్నాళ్లు ఉందనగా, ఒక సాయంత్రం మేడం మా ఇంటికొచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. కూర్చోలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద చాప పరుచుకున్నారు. నేను దిగ్గున లేచాను. "కూకో. మల్లీ పరీచ్చకి ఎల్తాను. నాకు సూసి పాడటం నేర్పు. ఇప్పుడు నీకే వచ్చు" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఎంత వద్దన్నా వినలేదు. చివరికి ఏదో నాలుగు వరసలు రాసి ఇచ్చాను. పాడారు. మూడో వరసలో గ బదులు మ పాడారు. నాకు తెలిసింది. గురువు కదా, ఆ నోటి ముందు నా నోరు ఎలా తెరవను? ఊరుకున్నాను.

ఆవిడ ఆపేశారు. "తప్పు పాడేను కదా?"

నేను తల దించుకుని చాప అంచు చూస్తున్నాను.

"సెప్పవేటి? ఇన్నాల్లూ నాకు ఎవులూ సెప్పనేదే. పాట బాగుంది కదాని అందరూ ఊరుకున్నారు. నువ్వు కూడా ఊరుకుంటే నానెప్పటికి నేర్చుకుంతాను? సెప్పు!"

"తప్పు" అన్నాను. వినబడీ వినబడనట్టు.

"గట్టిగా."

"తప్పు మేడం!"

వంటింట్లోంచి అమ్మ హడలిపోయి బయటికి పరుగెత్తుకొచ్చింది, పెద్దావిడను పట్టుకుని ఆ మాటేమిటని. మేడం ముఖం వెలిగిపోయింది. "అదీ. మల్లీ అను" అన్నారు, కాగితం కళ్లకు దగ్గరగా జరుపుకుంటూ. ఆ సాయంత్రం ఆ మాట ఎన్నిసార్లు అన్నానో! అన్న ప్రతిసారీ నా గుండె చివుక్కుమంది, ప్రతిసారీ ఆవిడ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మరుసటేడు ఆవిడ పాసయ్యారు. అప్పటికి బడిలో ఆవిడ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు, ముసలాయన మంచం కూడా ఖాళీ అయింది. ఇప్పుడు ఆవిడ లేరు. నా క్లాసులో ఏ పిల్లయినా లేచి నిలబడి, టీచర్, మీరు తప్పు పాడారు అంటే, పక్క గదిలో టీచర్లు ఇంత పొగరా అని విస్తుపోతారు. నేను మాత్రం ఆ పిల్లను గట్టిగా మళ్లీ చెప్పమంటాను.